ముఖం దొరికాకే పాత్ర పుడుతుంది

సంపాదకులకు నమస్కారం.

కలకూ వాస్తవానికీ మధ్య హద్దు చెరిపేసే సైకలాజికల్ థ్రిల్లర్లపై సమీక్షలు కథ అర్థమైందా లేదా అన్న దగ్గరే ఆగిపోయి, నటీనటుల ఎంపికను ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నాయి. ఇలాంటి చిత్రాల్లో చాలాసార్లు ఆ ఎంపికలోనే పాత్ర రూపుదిద్దుకుంటుంది కనుక, ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

1977లో వచ్చిన తన చివరి చిత్రం 'దట్ అబ్‌స్క్యూర్ ఆబ్జెక్ట్ ఆఫ్ డిజైర్'లో దర్శకుడు లూయీ బున్యుయెల్, ముందుగా తీసుకున్న నటి తప్పుకున్నాక, కొంచిటా అనే ఒకే యువతి పాత్రను కరోల్ బూకే, ఆంజెలా మొలినాలిద్దరికీ పంచి ఇచ్చారు. మనిషి మారిందన్న సంగతి ఆమెను మోహించినవాడికి ఎక్కడా పట్టదు. అతని గుడ్డితనమంతా అక్కడే బయటపడుతుంది. 'లాస్ట్ హైవే' (1997)లో నటుడు రాబర్ట్ బ్లేక్ కనుబొమలు తీయించుకుని, ముఖానికి తెల్లరంగు పులుముకుని తన పాత్ర రూపాన్ని తానే తయారుచేసుకున్నారు.

'లాస్ట్ హైవే' తీసిన డేవిడ్ లించ్ 'మల్‌హోలండ్ డ్రైవ్' (2001) కోసం నటి నయోమీ వాట్స్‌ను ఫోటో చూసి పిలిపించారు. ఆమె అప్పటికి పెద్ద తార కాదు; పాత పాత్రల నీడ వెంట లేకపోవడం వల్లనే ఆమె పోషించిన అమాయకురాలు బెట్టీని మనం వెంటనే నమ్ముతాం. ఆ నమ్మకాన్ని తలకిందులు చేసే సన్నివేశం, సినిమా అవకాశం కోసం బెట్టీ ఇచ్చే ఆడిషన్. ఇంట్లో స్నేహితురాలితో సాధన చేసేటప్పుడు కోపంగా, గట్టిగా పలికిన మాటలనే స్టూడియోలో వయసు మళ్ళిన నటుడికి దగ్గరగా జరిగి, గుసగుసగా, కాంక్షతో పలుకుతుంది. సంభాషణ మారదు, కానీ మన ఎదుట బెట్టీయే మరో స్త్రీలా నిలబడి ఉంటుంది. చివర్లో వాట్స్ డయాన్ అనే మరో పాత్రగా కనిపించినప్పుడు మనం తట్టుకోగలగడానికి (నాకైతే ఇప్పటికీ కష్టమే) పునాది అక్కడే పడింది.

ఆ చిత్రానికి నటులను వెతికిన కాస్టింగ్ డైరెక్టర్ జొహానా రే పేరు ఎందరు పాఠకులకు తెలుసు? 2025లో విడుదలైన చిత్రాలతో మొదలుపెట్టి ఆస్కార్‌లో కాస్టింగ్‌కు ప్రత్యేక పురస్కారం ఏర్పాటైంది. మీ సమీక్షల్లోనూ ఛాయాగ్రాహకుడి, సంగీత దర్శకుడి పేర్ల పక్కన కాస్టింగ్ డైరెక్టర్ పేరు వేసి, ఆ ముఖాన్నే ఎందుకు ఎంచుకున్నారో, దానివల్ల పాత్ర ఎటు మళ్ళిందో రెండు పేరాల్లోనైనా చర్చించాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు