సైకిల్‌కు కొత్త ట్రాక్ కాదు, ఉన్న రోడ్లకు నంబర్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో సైకిల్ మాట ఎత్తితే చాలు, ఎవరైనా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సోలార్ ట్రాక్ గురించే చెబుతారు. 2023 అక్టోబర్‌లో మొదలైన ఆ ట్రాక్ బాగుంది, కాదనను. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క, మొత్తం 23 కిలోమీటర్లు, నెత్తిన 16 మెగావాట్ల సోలార్ పలకలు, మే నెలలో కూడా నీడ. పిల్లలకూ, కొత్తగా నేర్చుకునేవాళ్లకూ అంతకంటే మంచి చోటు లేదు. కానీ అక్కడికి చేరడానికే సగం మంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వస్తున్నారు, పైగా ఎంత తొక్కినా పక్కన ఔటరే, పైన పలకలే. జిమ్‌లో తొక్కినట్టే, కాకపోతే గాలి తగులుతుంది.

సైకిల్ మీద ఏదో ఒక ఊరు చూసి రావాలనుకునేవాళ్ల సంగతి ఏంటి? దానికి ఇంకో వంద కోట్లు పెట్టి ఇంకో ట్రాక్ వేయక్కర్లేదండీ. రోడ్లు ఆల్రెడీ ఉన్నాయి. గండిపేటకూ హిమాయత్‌సాగర్‌కూ మధ్య, అటు చిలుకూరు, మొయినాబాద్ దాటి శంకర్‌పల్లి వైపు, ఊరి నుంచి ఊరికి వెళ్లే సన్నటి తారు రోడ్లు. ఆదివారం తెల్లారుజామున మెహిదీపట్నం నుంచి లంగర్‌హౌజ్, బాపూఘాట్ మీదుగా అప్పా జంక్షన్ దాటి వెళ్తుంటే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు తెచ్చే ఆటోలు ఎదురొస్తాయి, బంతిపూల వాసన వాటికంటే ముందే వస్తుంది. అజీజ్‌నగర్ దాటి హిమాయత్‌నగర్ చౌరస్తాలో కుడివైపు తిరిగితే చిలుకూరు రోడ్డు. పక్కనే మృగవని అడవి. ఆ పది నిమిషాల కోసమే నేను అలారం పెట్టుకుంటాను.

ఆ రోడ్లు ఇంకా ఇలా మిగిలాయంటే దానికి కారణం ఉంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన చెరువులు ఈ రెండూ, గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటిలోకి వచ్చే నీళ్లను కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చి, పది కిలోమీటర్ల పరిధిలో 84 ఊళ్లలో కట్టడాలకు హద్దులు పెట్టారు. నీళ్ల కోసం పెట్టిన ఆంక్ష సైకిల్ వాళ్లకు కలిసొచ్చింది. జీవో ఉంచాలా తీసేయాలా అని ఏళ్లుగా గొడవ నడుస్తూనే ఉంది, ఆ గొడవలోకి నేను వెళ్లను గానీ, ఇవాళ నిశ్శబ్దంగా ఉన్న రోడ్డు రేపు వెంచర్ల మధ్య రోడ్డు అయిపోయాక సైకిల్ కోసం అడగడం దండగ. అటు చేవెళ్ల హైవేనే చూడండి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల విస్తరణ, దారి పక్క మర్రిచెట్లు కొట్టేయొద్దని వేసిన కేసు, అన్నీ మీ పేపర్‌లోనే చదివాం. ఆ విస్తరణ ప్లాన్‌లో కార్లకు ఎన్ని లేన్లో అందరూ మాట్లాడారు, సైకిల్ మీద పాలు, కూరగాయలు తెచ్చే మనిషికి అంచున మూడడుగులు ఉంటాయా అని అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

ఇక్కడ ఉన్న అసలు ఇబ్బంది దారి తెలియకపోవడం. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుంటే అది దగ్గర దారి అని ఒకసారి హైవే మీదకు తోస్తుంది, ఇంకోసారి ఏదో ఫామ్‌హౌస్ గేటు ముందు నిలబెడుతుంది, లోపలి నుంచి కుక్కలు మొదలుపెడతాయి. అందుకే పదేళ్లుగా తొక్కుతున్నవాళ్ల గ్రూపుతో వెళ్తేనే ఈ రోడ్లు తెలుస్తాయి. ఒంటరిగా వెళ్లాలనుకునే ఆడపిల్లకో, రిటైరైన పెద్దాయనకో ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

దీనికి చవకైన మందు ఒకటి ఎప్పుడో దొరికింది. బెల్జియంలో లింబర్గ్ అని బొగ్గు గనుల ప్రాంతం ఉంది, 1992 నాటికి అక్కడి గనులన్నీ మూతపడ్డాయి. హ్యూగో బోలెన్ అనే మైనింగ్ ఇంజినీరు, గని లోపల సొరంగాలు కలిసే చోట్లకు నంబర్లు వేసే పద్ధతిని పైన సైకిల్ రోడ్లకు తెచ్చాడు. రోడ్లు కలిసే ప్రతి చోటా ఒక నంబరు, ఆ స్తంభం మీదే పక్క నంబర్లు ఎటున్నాయో బాణం గుర్తులు. ఇంటి దగ్గర మ్యాప్ చూసి 12, 31, 8 అని కాగితం మీద రాసుకుని హ్యాండిల్‌కు అంటించుకుంటే చాలు, ఫోన్ తీసే పని లేదు. 1995లో మొదలైన ఆ పద్ధతి నెదర్లాండ్స్ అంతా పాకింది. కొత్త తారు కాదు, కాంక్రీటు కాదు, స్తంభాలు, రేకు బోర్డులు, అంతే. మన దగ్గర బోర్డు మీద ఊరి పేరు కూడా తెలుగులో రాస్తే ఊళ్లోవాళ్లకూ పనికొస్తుంది. పండగకు ఫ్లెక్సీ కట్టడానికి ఆ స్తంభం వాడకుండా చూడటమే కష్టం అనుకుంటా.

ఇంకొన్ని చిన్నవి ఉన్నాయి, ఇవి జీహెచ్‌ఎంసీ, ఆర్ అండ్ బీ ఇంజినీర్లకు. వాన నీళ్ల జాలీల్లో కొన్ని రోడ్డు వెంబడి నిలువు సందులతో బిగించారు. సన్నటి టైరు అందులో దిగిందంటే మనిషి హ్యాండిల్ మీద నుంచి ఎగిరి పడతాడు. అదే జాలీని అడ్డంగా తిప్పి బిగిస్తే ఏ బాధా లేదు, పైసా ఖర్చు లేదు. అలాగే బండ్ల వేగం తగ్గించడానికి స్కూళ్ల ముందు ఎత్తుగా వేసే వరుస తెల్లపట్టీలు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉండటం వల్ల సైకిల్ వాళ్లు వాటిని తప్పించుకోవడానికి మట్టిలోకి దిగుతారు, మట్టిలో జారతారు. అంచున అడుగున్నర వదిలేయండి. ఊళ్లలో పంక్చర్ షాపులకు లోటు లేదు గానీ, రోడ్‌బైక్‌లకు ఉండే సన్న వాల్వ్‌కు వాళ్ల కంప్రెసర్ పైపు పట్టదు. కొత్తగా బయల్దేరేవాళ్లు చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి, శంకర్‌పల్లి దాకా సైకిల్ నెట్టుకుంటూ నడిచే బాధ తప్పుతుంది.

శంకర్‌పల్లి అంటే రైలు గుర్తొచ్చింది. మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లో. వికారాబాద్ స్టేషన్‌లో దిగి అనంతగిరి ఘాట్ ఎక్కి, దిగుతూ వెనక్కి హైదరాబాద్ వైపు తొక్కుకుంటూ వస్తే అంత మంచి దారి ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదంటాను. కానీ రైల్లో సైకిల్ పంపాలంటే లగేజీగా బుక్ చేసి సామాన్ల బోగీలో (బ్రేక్‌వ్యాన్‌లో) వేయాలి, గంటన్నర ప్రయాణానికి పార్శిల్ ఆఫీసు ముందు నిలబడాలి, దానికంటే తొక్కుకుంటూ పోవడమే నయం అనిపిస్తుంది. కొచ్చి మెట్రోలో 2020 నుంచే సైకిల్‌ను వెంట తీసుకెళ్లనిస్తున్నారు. దక్షిణ మధ్య రైల్వే ఆదివారం పొద్దున వికారాబాద్ వైపు వెళ్లే ఒక్క ప్యాసింజర్‌లో, చివరి బోగీలో, టికెట్‌తో పాటే సైకిల్‌కూ చోటిస్తే చాలు. హెచ్‌ఎండీఏ వాళ్లు నంబరు బోర్డులు కూడా అన్ని చోట్లా ఒకేసారి వేయక్కర్లేదు. హిమాయత్‌నగర్ చౌరస్తా నుంచి శంకర్‌పల్లి స్టేషన్ దాకా ముందు వేయమనండి, ఈ చలికాలంలోనే, వానలకు గుంటలు పడకముందే.

— ఒక పాఠకుడు, లంగర్‌హౌజ్, హైదరాబాద్