గట్టు మనది కాదట!

ఒరేయ్ అడ్మిరలూ,

ముందు కడుపారా తిట్టేసుకో, తర్వాత చదువు. నువ్వూ పడవ షెడ్డు కడతానని రాసిన ఉత్తరానికి ఇన్ని నెలలు జవాబు రాయనందుకు నా దగ్గర సాకేమీ లేదు. రెండుసార్లు మొదలెట్టాను. మొదటిది సగంలో ఆగింది. రెండోదాని వెనకవైపు షెడ్డు బొమ్మ గీశాను, అది కాస్తా ప్లానుతో పాటు కాలువల ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఆ కాగితం మీద నీ గురించి నాలుగు ముక్కలున్నాయి. గొడుగు సంగతి కూడా. ఇంక అది ఆఫీసు రికార్డు, నేను చేయగలిగిందేమీ లేదు.

ఇక్కడ అంతా కులాసా. అమ్మ మోకాలు నయం, చిన్నది పరీక్ష గట్టెక్కింది, నా జుట్టు ఊసు ఎత్తకు. క్షేమ సమాచారాలు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు పగిలేలా ఉంది.

పడవ షెడ్డు రా! "మళ్ళీ డ్రమ్ములా?" అని నువ్వనడం ఇక్కడికి వినబడుతోంది. డ్రమ్ములు కావు, ఈసారి పద్ధతిగానే మొదలెట్టా. పడవ పొడుగు 5 మీటర్లు, వెడల్పు 1.8. తాళ్ళు కట్టుకుంటూ మనిషి తిరగాలి కదా, అటు 60 సెంటీమీటర్లు, ఇటు 60, వెరసి లోపలి వెడల్పు 3 మీటర్లు. పొడుగు 7. నీళ్ళలో ఎనిమిది కొయ్య గుంజలు దింపి, పైన కప్పేసి, పడవ సరాసరి లోపలికొచ్చి ఆగేట్టు గీశాను. మా ఆవిడ కూడా చూసి "బావుందే" అంది. ఆవిడ నోట ఆ మాట ఎన్నిసార్లు విన్నావ్ నువ్వు?

మొన్న ఇంజనీరు గారు చూడ్డానికొచ్చారు. చిన్నమ్మాయే, చేతిలో టేపు, వెనకాల సైకిల్ నడిపించుకుంటూ కాలువ కాపలా చూసే ముసలి లస్కరు. నేను ప్లాను పరిచి, గొంతు సవరించుకున్నాను. ఆవిడ దానివంక చూడనేలేదు. "సర్వే రాయెక్కడండీ?" అంది. నీళ్ళ దగ్గర్నుంచి వెనక్కి నడిచింది, నడిచింది, మా బట్టలారేసే తీగ దగ్గర ఆగి, నా తువ్వాలు కింద నుంచుని, "మీ స్థలం ఇక్కడితో ఆఖరు" అంది.

ఆరు మీటర్లు రా! నీళ్ళకీ నా తువ్వాలుకీ మధ్య ఆరు మీటర్లు. అదంతా గట్టు, కాలువ వాళ్ళది. ఇన్నేళ్ళూ నా స్థలం నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుందనుకున్నాను. లోపలికి పరిగెత్తి దస్తావేజు తెచ్చా. తూర్పు: కాలువ గట్టు. అంత స్పష్టంగా ఉంది. 'కాలువ' అని చదివాక 'గట్టు' అన్న మాట కంటికి ఆనలేదన్నమాట, పదిసార్లు చదివినా! గట్టు ఎవరిది, అడుగునున్న నేల ఎవరిది, నీళ్ళ మీద పడవ నడిపే హక్కు ఎవరిది... ఈ మూడూ మూడు వేరువేరు ప్రశ్నలట. కాలువ పక్క స్థలం కొన్నవాడికల్లా మూడూ కలిపి ఒకటే అనిపిస్తుందట.

సరే, గట్టు మీద కడతాను, అనుమతివ్వండి అన్నాను. లస్కరు నవ్వాడు. "బాబూ, పూడిక తీసే మిషను ఈ గట్టెంబడే పోవాలి. మీ షెడ్డు మీంచి గెంతుద్దా?"

పోనీ, మొత్తం నీళ్ళలోనే కడితే? దానికి ఆవిడ ఓపిగ్గా చెప్పింది. నేను మూడు మీటర్లు ముందుకొస్తే ఎదురుగట్టు ఆయనా మూడు అడుగుతాడు. మధ్యలో పోయే పడవలు ఎటు తప్పుకోవాలి? పైగా గుంజల దగ్గర చెత్తా గుర్రపుడెక్కా చిక్కుకుని పారుదల తగ్గుతుంది. నాకు కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆవిడ చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, అదే ఎక్కువ మండింది.

ఇప్పుడు అసలు ముచ్చట విను. లస్కరు నా ప్లాను తలకిందులుగా పట్టుకుని చూసి, "నీళ్ళెప్పుడు కొలిచారు?" అన్నాడు. కాలువకి నీళ్ళు కట్టేసినప్పుడు, అడుగున మిగిలిన నీటి మీద కొలిచాను, అప్పుడైతే తేలిక కదా! నీటి నుంచి దూలం దాకా 2 మీటర్లు, పడవ పందిరితో సహా 1.5. సరిపోయిందా? ఆయన పక్కింటి మెట్ల వైపు వేలు చూపించాడు. రాతి మీద ఆకుపచ్చ చార. "నిండు నీరు అక్కడిదాకా." టేపు పెట్టి చూస్తే నేను కొలిచిన మట్టానికి 1.4 మీటర్లు పైన. రెండులోంచి ఒకటీ పాయింట్ నాలుగు తీసెయ్. అరవై సెంటీమీటర్లు! నిండు కాలువలో నా షెడ్డులోకి పడవ కాదు కదా, బాతు కూడా తల వంచుకుని దూరాలి. "మీరు పడుకుని వెళ్ళచ్చు" అన్నాడు ముసలాయన, పాపం మర్యాదగానే.

నేనూరుకుంటానా? ఆమ్‌స్టర్‌డామ్ రాజభవనం తీశాను. 1648లో మొదలెట్టారు, 13,659 కొయ్య గుంజల మీద ఇప్పటికీ నిలబడుంది, నా ఎనిమిది గుంజలకేం రోగం అన్నాను. "అవి ఎప్పుడూ తడిలోనే ఉంటాయాండీ?" అంది ఆవిడ. ఉంటాయి. "మన కాలువ ఏటా కట్టేస్తాం కదా, అప్పుడు వీటికి గాలి తగలదూ?" అంది. పూర్తిగా మునిగున్న కొయ్య శతాబ్దాలు ఉంటుంది కానీ తడీ పొడీ మారుతూ గాలి తగిలే చోటే ముందు కుళ్ళుతుంది. అది నాకు తెలుసు రా, నోరు జారే ముందు గుర్తురాలేదంతే.

ఆ రాత్రి అన్నం సయించలేదు. ప్లాను చింపలేదు కానీ మడతపెట్టి బీరువా మీద పడేశాను. నవ్వులాటగా రాస్తున్నాను గానీ, పదేళ్ళ కోరిక కదా... సరేలే.

రెండ్రోజులు పోయాక మా ఆవిడే అంది, "పడవని నీళ్ళలోనే ఎందుకు పడుకోబెట్టాలి?" అని. అంతే! షెడ్డు నా హద్దు లోపల, తువ్వాలుకి ఇవతల. పడవకి చక్రాల తొట్టి. బండితో దింపే ర్యాంపయితే ఏడుకి ఒకటి వాలు కావాలి, రెండు మీటర్లు దిగడానికి 14 మీటర్లు, అంటే కాలువ మధ్యకి పోవాలి. గట్టు కోయడం మాట ఎత్తొద్దు. గండి పడితే పక్కిళ్ళు తేలతాయి. అందుకని గట్టుకున్న వాలు మీదే, పని అవగానే విప్పి లోపల పెట్టుకునే పట్టాలు, చేత్తో తిప్పి తాడుతో పడవని లాగే వించి. వదిలినా వెనక్కి తిరగని బ్రేకున్న వించి. హ్యాండిల్ వదిలితే ఏమవుతుందో నీ పన్నుని అడుగు. ఇంజనీరు గారు విని, "విప్పేసేవైతే రాసి పెట్టండి, చూద్దాం" అంది. 'చూద్దాం' అంటే ఏమిటో ఆఫీసుల సంగతి నీకు తెలుసు, అయినా నేను అప్పుడే రంగు కూడా ఎంచేశాను.

నువ్వూ కట్టాలంటున్నావు కాబట్టి రెండు మాటలు. నీ కాలువలోకి సముద్రపు నీరొస్తుంది, కొయ్య జోలికి పోకు. టెరెడో అని, చూడ్డానికి పురుగే గానీ ఆల్చిప్పల జాతి, కొయ్యని లోపల్నించి జల్లెడ చేసేస్తుంది. 1730ల్లో నెదర్లాండ్స్ సముద్రపు కట్టల గుంజల్ని తినేస్తే వాళ్ళు రాయి పరుచుకోవాల్సొచ్చింది. ఆటుపోట్లకి నీకు తేలే షెడ్డే నయం, గుంజలకి కడియాలు తొడిగి పైకీ కిందకీ జారేది. గుంజల తలలు మాత్రం అన్నిటికన్నా పెద్ద వరద కంటే పైన ఉండాలి. లేకపోతే ఓ రాత్రి షెడ్డు కడియాల్తో సహా వాటి మీంచి లేచి వెళ్ళిపోతుంది, నువ్వు ఒడ్డున గొడుగుతో నిలబడతావు. కరెంటు లాగితే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే బ్రేకరు పెట్టించు. మా కాలువలాంటి మంచినీళ్ళలో ఆ లీకేజీ ఇంకా ప్రమాదమట, ఎందుకంటే ఆ నీటికన్నా మన ఒళ్ళే కరెంటుకి సులువైన దారి. పెట్రోలు డబ్బా లోపల పెట్టకు, ఆవిరి కిందికి దిగి నేల మీదే పేరుకుంటుంది, గాలి కన్నాలు పైనే పెట్టి

అదిగో సైకిలు బెల్లు, లస్కరు వచ్చేశాడు. హద్దు మేకులు ఇవాళ కొడతారట. తువ్వాలు తీసి రావాలి. మిగతాది

నీ
రెండో బకెట్టు