పళ్లు విరగవు సరే, అరగవా?

ఒరేయ్ మామా,

నీ గేర్ డ్రైవ్ డిజైన్ లెక్కల కాగితాలు అందాయి. తీరిగ్గా కూర్చుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. ఫోన్‌లో చెబితే సగం గాల్లో పోతుంది, అందుకే ఇలా రాస్తున్నాను. నీ కాగితాలు పక్కన పెట్టుకుని చదువు.

ముందు నచ్చినవి చెప్తాను. 7.5 కిలోవాట్ల మోటార్, 1440 ఆర్‌పీఎం, దాన్ని నాలుగో వంతుకి దించాలి. 20 పళ్ల పినియన్ (మోటార్ వైపు చిన్న గేర్), 80 పళ్ల గేర్, 20 డిగ్రీల ప్రెషర్ యాంగిల్ (పళ్లు ఒకదాన్నొకటి తోసే దిశ వాలు). ఎంపిక బాగుంది. ఫుల్ డెప్త్ (మామూలు పూర్తి ఎత్తు) పళ్లలో 17 కన్నా కిందికి దిగితే పళ్లు కోసే హాబ్ పన్ను మొదలునే తినేస్తుంది. నువ్వు 20 పెట్టావు కాబట్టి ఆ గొడవ లేదు. టార్క్ 49.7 న్యూటన్ మీటర్లు, అదీ సరిగ్గానే వచ్చింది. మాడ్యూల్ (పన్ను సైజు చెప్పే అంకె) 3తో మొదలుపెట్టి, పన్ను మోయగలిగేది 5760 న్యూటన్లు, దాని మీద పడేది 6234 అని తేలగానే మారు మాట్లాడకుండా మాడ్యూల్ 4కి వెళ్లావు చూడు, అది నాకు బాగా నచ్చింది. చాలామంది అక్కడ పన్ను వెడల్పు పెంచి గట్టెక్కాలని చూస్తారు. కాగితం మీద పాస్ అవుతుంది గానీ, అంత వెడల్పునా పన్ను సమంగా ఆనదు. ఒక చివరే బరువంతా మోస్తుంది.

ఇక నా పేచీ. నువ్వు ప్రతి భాగాన్నీ "విరుగుతుందా?" అని అడిగావు. విరగదని తేలగానే పేజీ తిప్పేశావు. పన్ను, షాఫ్ట్, కీ (గేర్‌ని షాఫ్ట్‌కి కలిపి తిప్పే లోహపు ముక్క), మూడింటి దగ్గరా అదే తంతు. ఈ డ్రైవ్‌లో మాత్రం మూడింటికీ అసలు పరీక్ష ఆ ప్రశ్న తర్వాతే మొదలవుతుంది రా.

పళ్లతో మొదలుపెడదాం. నువ్వు వాడిన సూత్రం విల్‌ఫ్రెడ్ లూయిస్‌ది. 1892లో ఫిలడెల్ఫియా ఇంజినీర్ల క్లబ్ ముందు పెట్టాడు. పన్నుని గోడలో దిగేసిన కొయ్యలా చూశాడాయన. కొసన బలం పెట్టి వంచితే మొదట్లో ఎంత స్ట్రెస్ వస్తుందన్నదే లెక్క. నూట ముప్పై ఏళ్లు దాటినా ఇప్పటికీ మొదటి అంచనాకి అదే దిక్కు. మాడ్యూల్ 4, వెడల్పు 40 మిల్లీమీటర్లు, ఫారం ఫ్యాక్టర్ (పన్ను ఆకారాన్ని బట్టి వచ్చే అంకె) 0.32, స్టీల్‌కి చదరపు మిల్లీమీటరుకి 200 న్యూటన్లు చొప్పున తీసుకుంటే పన్ను 10,240 న్యూటన్లు మోస్తుంది. పడే లోడ్ నీ సర్వీస్ ఫ్యాక్టర్ (పనిలో వచ్చే కుదుపులకి) 1.5తో, వెలాసిటీ ఫ్యాక్టర్ (వేగం వల్ల పళ్ల మీద పడే దెబ్బకి)తో కలిపి 5614. ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ, అంటే మోయగలిగేది పడేదానికి ఎన్ని రెట్లో, 1.82. పైగా నీ జతకి కాంటాక్ట్ రేషియో దాదాపు 1.69 వస్తుంది, అంటే చాలాసేపు రెండేసి జతల పళ్లు కలిసి లోడ్ పంచుకుంటాయి. లూయిస్ ఆ పంపకాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కాబట్టి విరగడం గురించి నిశ్చింతగా ఉండొచ్చు.

ఇప్పుడు అరుగుదల చూడు. నువ్వు 250 బ్రినెల్ గట్టిదనం రాశావు. పళ్ల అరుగుదలకి వాడే బకింగ్‌హామ్ సూత్రంలో వెడల్పు 40, పినియన్ పిచ్ వ్యాసం (రెండు గేర్లు ఒకదాని మీద ఒకటి దొర్లే వృత్తం వ్యాసం) 80, రేషియో ఫ్యాక్టర్ 1.6, మెటీరియల్ ఫ్యాక్టర్ 1.0 వేసుకుంటే పన్ను ముఖం ఓర్చుకునేది 5120 న్యూటన్లు. పడేది 5614. ఫెయిల్! విరగడంలో అంత ధీమాగా పాసైన పన్నే ఇక్కడ తప్పింది.

ఇది ఉట్టి అంకెల గొడవ కాదు. కొన్నాళ్లు ఇలా నడిచిన పినియన్‌ని చేతిలోకి తీసుకుని, పన్ను ముఖం మీద కొస నుంచి మొదలుకి గోటితో గీసి చూడు. పైభాగం నున్నగా, అద్దంలా ఉంటుంది. పిచ్ లైన్ దాటి కొంచెం కిందికి రాగానే గోరు ఆగుతుంది. అక్కడ చిన్న చిన్న గుంటలు వరసగా పడి ఉంటాయి. పిచ్ లైన్ దగ్గర పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి, దానికి పైనా కిందా జారుతూ దొర్లుతాయి. ఆ కింది భాగంలోనే ఉపరితలం అలసిపోయి పెచ్చులు లేస్తుంది. ముందు చప్పుడు మారుతుంది, తర్వాత గుంటలు కలిసిపోతాయి, ఆఖరికి పన్ను ఆకారమే పోతుంది. ఇదంతా జరుగుతున్నా పన్ను మాత్రం విరగదు!

అందులోనూ పినియన్ కష్టం ఎక్కువ. దాని ఒక్కో పన్ను గంటకి 86,400 సార్లు తాకుతుంది, గేర్ పన్ను 21,600 సార్లే. అందుకే పినియన్‌ని గేర్ కన్నా ఓ 30 నుంచి 50 బ్రినెల్ గట్టిగా చేస్తారు. నీ కాగితంలో రెండింటికీ ఒకటే అంకె ఉంది.

మరేం చెయ్యాలి? మూడు దారులున్నాయి. మాడ్యూల్ 5కి వెళ్లి వెడల్పు 50 చేస్తే, 250 బ్రినెల్‌తోనే ఫ్యాక్టర్ 1.53 వస్తుంది. కానీ గేర్ 400 మిల్లీమీటర్లవుతుంది, ఇనుము దాదాపు రెట్టింపు పడుతుంది. రెండోది, మాడ్యూల్ 4 అలాగే ఉంచి గట్టిదనాన్ని 330కి తీసుకెళ్లడం. 1.59 వస్తుంది, ఈఎన్24 లాంటి అల్లాయ్ స్టీల్ వాడితే సాధ్యమే, కాకపోతే అంత గట్టి ముక్కని కోయాలంటే హాబ్ పదును ఊరికే పోతుంది. మూడోది నాకిష్టమైనది. నీ పిచ్ లైన్ వేగం సెకనుకి 6 మీటర్లు. మామూలుగా కోసిన పళ్లకి ఆ వేగంలో వెలాసిటీ ఫ్యాక్టర్ 0.33. అదే పళ్లని శ్రద్ధగా హాబింగ్ చేయిస్తే 0.5 దొరుకుతుంది. లోడ్ 5614 నుంచి 3740కి పడిపోతుంది. ఇనుము గ్రాము కూడా పెరగలేదు, లోడ్ మాత్రం మూడో వంతు తగ్గింది! ఎందుకంటే ఆ అదనపు లోడ్ మోటార్ నుంచి వచ్చింది కాదు. పన్నుకీ పన్నుకీ మధ్య దూరం అటూఇటూ కావడం వల్ల, ముఖం వంకర వల్ల పడే దెబ్బ అది. గేర్ 280, పినియన్ 320 బ్రినెల్ పెట్టి, పళ్లు బాగా కోయించు. మెత్తటి గేర్‌నే లెక్కలోకి తీసుకున్నా 1.72 వస్తుంది. విరగడంలో 2.7 దాటుతుంది. ఎవరైనా "ఎలా కోస్తే ఏంటి, కొలత సరిపోయింది కదా" అంటే వినకు.

అన్నట్టు ఒక చిన్న మాట. 20, 80 అయితే పినియన్‌లో ఒక పన్ను ఎప్పటికీ గేర్‌లోని ఆ నాలుగు పళ్లనే తాకుతుంది. ఒకదాంట్లో చిన్న లోపం ఉంటే అదే జోడీ మీద పదేపదే దెబ్బ. 81 పళ్లు పెట్టావనుకో, ప్రతి పన్నూ అవతలి ప్రతి పన్నునీ కలుస్తుంది, అరుగుదల అంతటా పంచుకుంటుంది. నిష్పత్తి 4.05 అవుతుంది, మధ్య దూరం 202. నీకు సరిగ్గా 360 ఆర్‌పీఎం కావాల్సిందేనా? 356 ఉన్నా ఫర్వాలేదంటే నేను 81 వైపే. కింది లెక్కలన్నీ మాత్రం నీ 80తోనే చేశాను, పోల్చుకోవడానికి వీలుగా.

షాఫ్ట్ దగ్గరికొద్దాం. పంటి మీద టాంజెన్షియల్ (తిప్పే దిశలో) ఫోర్స్ 1243 న్యూటన్లు, ఇరవై డిగ్రీల వల్ల పక్కకి తోసేది 452. రెండూ కలిపి 1323. బేరింగుల మధ్య 160 మిల్లీమీటర్లు, పినియన్ సరిగ్గా మధ్యలో. బెండింగ్ 52.9 న్యూటన్ మీటర్లు. కీవే (కీ కూర్చునే గాడి) కోసం 25 శాతం కోసేసి, షియర్ స్ట్రెస్ చదరపు మిల్లీమీటరుకి 81 న్యూటన్ల దగ్గర పెట్టి, షాఫ్ట్ వ్యాసం 20.1 మిల్లీమీటర్లు తేల్చావు. "22 చాలు" అని కింద గీత కూడా గీశావు.

విరగకుండా ఉండటానికి చాలు. వంగకుండా ఉండటానికి చాలదు. 22 షాఫ్ట్ మధ్యలో 0.047 మిల్లీమీటర్లు వంగుతుంది. గేర్ కూర్చునే చోట వంపు మాడ్యూల్‌లో నూరో వంతు దాటకూడదని వాడుకలో ఉన్న కొలమానం, అంటే నీకు 0.04. చూడ్డానికి వెంట్రుక కన్నా సన్నం, కానీ పళ్ల మధ్య అదే పెద్ద తేడా. 25కి వెళ్తే 0.028, 30కి వెళ్తే 0.014. వ్యాసం నాలుగో ఘాతంలో పనిచేస్తుంది కాబట్టి కొంచెం పెంచితే చాలు, ఎంతో గట్టిపడుతుంది. బేరింగుల దగ్గర 25, పినియన్ కింద 30 పెట్టు. 25 బోర్‌కి 6205 బేరింగ్ సరిపోతుంది, మెట్టు ఉంది కాబట్టి పినియన్ ఆనడానికి చోటూ దొరుకుతుంది. ఒక్కటి మాత్రం మర్చిపోకు, పినియన్‌ని బేరింగ్ బయట వేలాడదీయకు. మధ్యలో ఉంటే షాఫ్ట్ దిగినా పన్ను వాలదు. బయట పెడితే వాలుతుంది. ఒక రేడియన్‌లో వెయ్యో వంతు వాలినా, 40 మిల్లీమీటర్ల వెడల్పు మీద ఒక చివర 0.04 ఖాళీ. ఇందాక అంత కష్టపడి సంపాదించిన హాబింగ్ నాణ్యత అక్కడే పోతుంది.

అవుట్‌పుట్ షాఫ్ట్ మీద పంటి ఫోర్స్ అదే, టార్క్ మాత్రం నాలుగింతలు, 199. బలం లెక్కకి 27 వస్తుంది, 35 పెట్టు.

ఇక కీ. దీని గురించి ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నువ్వు దీనికి రెండు లైన్లే ఇచ్చావు. 35 షాఫ్ట్‌కి 10 × 8 కీ తీసుకున్నావు, సరే. షియర్ మాత్రమే చూసి వదిలేశావు. కీ మీద పడేది 11,370 న్యూటన్లు. 40 పొడవు కీ అన్నావు, కానీ చివరలు గుండ్రంగా ఉన్న కీలో నిజంగా ఆనేది పొడవులోంచి వెడల్పు తీసేస్తే మిగిలింది, అంటే 30. సగం ఎత్తు హబ్ (గేర్ మధ్యలో షాఫ్ట్ దూరే భాగం)లో అనుకుంటే నలుగుడు స్ట్రెస్ 95. ఇండక్షన్ మోటార్ ఇరుక్కున్నప్పుడు మామూలు టార్క్‌కి రెండున్నర రెట్లదాకా తోస్తుంది. అప్పుడు 237. కీ స్టీల్ 380 దగ్గర లొంగుతుందనుకుంటే 1.6 మిగిలింది. హబ్ 55కి పెంచి, కీ 50 పెట్టు. 2.1 దాటుతుంది. గేర్ వెడల్పు 40 అయినంత మాత్రాన హబ్ 40 ఉండాలని లేదు కదా. కీ లోహం గేర్ కన్నా మెత్తగా ఉండనీ. ఏదైనా పోవాల్సి వస్తే ముందు అదే పోవాలి, మార్చడం తేలిక.

టేపర్ కీ అని రాశావు, అది మాత్రం కొట్టేయ్. నూటికి ఒకటి వాలుతో చేసిన కీని సుత్తితో దిగ్గొడితే అది హబ్‌ని పైకి తోసి బిగుస్తుంది. హబ్ పక్కకి జరిగిందంటే పిచ్ సర్కిల్ షాఫ్ట్ కేంద్రం నుంచి తప్పుకుంటుంది, గేర్ ప్రతి చుట్టుకీ ఒకసారి బిగుసుకుని ఒకసారి వదులవుతుంది. ప్యారలల్ కీ పెట్టు. పినియన్ కింద 30 షాఫ్ట్‌కి వచ్చే 8 × 7 కీని చూడు. షాఫ్ట్‌లో లోతు 4, హబ్‌లో 3.3, మొత్తం 7.3. కీ ఎత్తు 7. పైన 0.3 ఖాళీ కావాలనే వదిలారు. ప్యారలల్ కీ పక్కలతోనే పని చేస్తుంది, పైకి తోయదు. అందుకే పక్కల ఫిట్ బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే మోటార్ ఆన్ చేసిన ప్రతిసారీ కొట్టుకుంటుంది, కీ విప్పి చూస్తే పక్కన ఎర్రటి పొడి కనిపిస్తుంది. గేర్ బోర్‌కి హెచ్7, షాఫ్ట్‌కి కే6 (కొలతల టాలరెన్స్ గ్రేడ్లు) పెట్టుకుంటే గేర్‌ని కేంద్రంలో నిలబెట్టే పని ఆ ఫిట్‌దే, కీ టార్క్ మాత్రమే మోస్తుంది.

కీవే చివర షాఫ్ట్ మెట్టు దాకా వెళ్లకుండా చూసుకో. మెట్టు మూల ఒక బలహీనత, కీవే మూల ఇంకొకటి, రెండూ ఒకే చోట కలవకూడదు. గాడి అడుగు మూలల్లో సన్నని గుండ్రం ఉండేలా డ్రాయింగ్‌లో రాయి. రాయకపోతే ఎవరూ చెయ్యరు. పినియన్‌లో కీవే పైన మిగిలే మందం కూడా చూశాను. పంటి మొదలు వ్యాసార్థం 35, గాడి 18.3 దాకా వచ్చింది, 16.7 మిగిలింది, ఢోకా లేదు.

నూనె సంగతి తేలికే. ఆ వేగానికి గేర్ పళ్లు మునిగేంత నూనె తొట్టిలో ఉంటే చాలు. మధ్య దూరం 200కి టాలరెన్స్ పెంచే వైపే ఇవ్వు, తగ్గించే వైపు వద్దు. ఇన్వల్యూట్ (ఈ గేర్లకి వాడే వంపు ఆకారం) పళ్లకి దూరం కొంచెం పెరిగినా నిష్పత్తి మారదు, తగ్గితే మాత్రం పళ్ల మధ్య ఉండాల్సిన ఖాళీ (బ్యాక్‌లాష్) పోయి పళ్లు పట్టేస్తాయి.

బేరింగుల మధ్య 160 అని నీ స్కెచ్ చూసే వేసుకున్నాను. హౌసింగ్ గీసేటప్పుడు అది 200 అయిందంటే వంపు దాదాపు రెట్టింపవుతుంది, ఆ లెక్క మళ్లీ చెయ్యాలి. కాబట్టి హౌసింగ్ అడ్డుకోత బొమ్మ ముందు పంపు, షాఫ్ట్ మెట్లు, కీవే చివరలు కనిపించేలా. గేర్ కోసేవాళ్లని ఏ నాణ్యత గ్రేడ్ ఇవ్వగలరో కనుక్కుని అదీ రాయి. ఆ అంకె వచ్చాకే 280 బ్రినెల్ చాలా, ఇంకా పెంచాలా అన్నది తేల్చేద్దాం.

ఉంటాను రా,
నీ మామ