తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ముందు కార్డు చూడండి

సంపాదకుల గారికి,

నమస్కారం. మా సరిహద్దు పట్టణాల్లోని చిన్న ఆసుపత్రుల్లో, రైస్ మిల్లుల్లో, బడుల కార్యాలయాల్లో ఏళ్ల తరబడి నడిచిన ఆస్టరిస్క్ (మామూలు కంప్యూటరునే కార్యాలయపు ఫోన్ల ఎక్స్ఛేంజీగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను ఒక్కొక్కటిగా పీకేసి, వాటి చోట ఖరీదైన పెట్టెలు బిగిస్తున్న వైనం చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో ఈ పని చేసుకునే మా బోటివాళ్లకు ఎక్కడికి వెళ్లినా వినిపించే మాట ఒకటే: "ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్ కదండీ, అంతకన్నా ఏం పనిచేస్తుంది?" 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ మీద వేస్తున్న నిందలో అధిక భాగం, కంప్యూటరులో బిగించిన టెలిఫోన్ కార్డుకూ, దానికి వచ్చే తీగకూ, ఆ కార్డును మన దేశపు లైన్లకు తగినట్టు సర్దకుండా వదిలేసినవారికీ చెందవలసినది.

మా వైపు దీన్ని ఎంచుకోవడానికి డబ్బొక్కటే కారణం కాదు. ఫోన్ చేసినవారికి మొదట వినిపించే మాటలను మనమే రికార్డు చేసి పెట్టుకోవచ్చు గనుక, ఒకటి నొక్కితే తెలుగు, రెండు నొక్కితే ఒడియా, మూడు నొక్కితే మా వైపు కంధుల భాష కువి వచ్చేలా ఏర్పాటు చేసుకునే వీలుంది. ఆ వీలును వదులుకునే ముందు అసలు లోపం ఎక్కడుందో చూడడం న్యాయం.

అందరికన్నా ఎక్కువమంది చేసే ఫిర్యాదు, లోపల ఎవరూ మాట్లాడకపోయినా బయటివాళ్లకు ఎంగేజ్ రావడం. ఫోన్ చేసినవారు పెట్టేశాక టెలిఫోన్ కంపెనీ ఎక్స్ఛేంజీ నుంచి ఎంగేజ్ ధ్వని వస్తుంది. కార్డు దాన్ని గుర్తుపట్టకపోతే లైన్‌ను వదలదు. అలాంటి చోట వాయిస్‌మెయిల్ తెరిచి వినండి. "డాక్టరు గారున్నారా అండీ" అన్న ఒక్క ముక్క వినిపించి, ఆ తరవాత నిమిషాల తరబడి కుయ్ కుయ్ మనే చప్పుడే ఉంటుంది. మన ఎంగేజ్ ధ్వని 400 హెర్ట్జ్‌ది, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. అమెరికాలో అది 480, 620 హెర్ట్జ్‌ల కలయిక, అర సెకను మోగి అర సెకను ఆగుతుంది. కాబట్టి చాన్-డాహ్‌డీ (ఆస్టరిస్క్‌ను కార్డు డ్రైవరైన డాహ్‌డీతో కలిపే భాగం) అమరికల ఫైలులో బిజీ డిటెక్ట్‌ను ఆన్ చేసి, బిజీ ప్యాటర్న్ దగ్గర 750, 750 అని రాయాలి. ఎన్నిసార్లు మోగితే లైన్ వదలాలో చెప్పే అంకెను మరీ తగ్గించేస్తే మాత్రం మనిషి గొంతునే ఎంగేజ్ ధ్వని అనుకుని మాటల మధ్యలో లైన్ తెగిపోతుంది. అప్పుడు కూడా తిట్లు తినేది సాఫ్ట్‌వేరే. ఫోన్ పెట్టేసినప్పుడు ఎక్స్ఛేంజీ తీగల ధ్రువాలను తారుమారు చేసే సదుపాయం ఆ లైన్‌కు ఉంటే, ధ్వనిని వింటూ కూర్చోవడం కన్నా ఆ మార్పును బట్టే లైన్ వదిలేలా పెట్టడం ఎంతో మేలని నా నమ్మకం.

రెండో ఫిర్యాదు ప్రతిధ్వని. కంప్యూటరు లేచేటప్పుడు కార్డు గురించి ఒక వరుస సందేశం వస్తుంది: మాడ్యూల్ (ఒక్కో లైన్‌కు కార్డు మీద గుచ్చే చిన్న పలక) అమర్చి ఉంది, ఎఫ్‌ఎక్స్‌ఓ (బయటి లైన్ తగిలించే రకం), ఎఫ్‌సీసీ మోడ్ అని. ఎఫ్‌సీసీ అంటే అమెరికా ప్రమాణం, అది మన లైన్లకు సరిపడకే ప్రతిధ్వని. డ్రైవరుకు ఆపర్‌మోడ్ విలువగా ఇండియా అని ఇస్తే అదే వరుసలో ఇండియా మోడ్ అని కనిపిస్తుంది. ఆపైన డాహ్‌డీతో వచ్చే ఎఫ్‌ఎక్స్‌ఓట్యూన్ అనే ప్రోగ్రాంతో లైన్‌ను కొలిపించాలి. అది కనుక్కున్న విలువలను కంప్యూటరు లేచిన ప్రతిసారీ తిరిగి కార్డుకు అందించాలన్న సంగతి చాలామంది మరచిపోతారు; అందుకే కరెంటు పోయి వచ్చిన మర్నాడు ప్రతిధ్వని తిరిగి వస్తుంది. కాలర్ నంబరు కనిపించకపోవడం కూడా ఈ కోవదే: మన ల్యాండ్‌లైన్లలో నంబరు ఎక్కువగా డీటీఎంఎఫ్ (ఫోన్ మీటలు నొక్కితే వచ్చే ధ్వనులు) పద్ధతిలో, ధ్రువాల మార్పు వెనకే వస్తుంది, ఆస్టరిస్క్ మాత్రం మనం చెప్పేదాకా మరో పద్ధతి కోసం ఎదురుచూస్తుంది.

మిగిలినవి చిన్నవే. బయటి లైన్ తగిలించే ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టుకు అమరికల్లో, తిరగేసినట్టుగా, లోపలి ఫోన్ల పోర్టు పేరైన ఎఫ్‌ఎక్స్‌ఎస్ సిగ్నలింగ్ రాయాలి. టీడీఎం400పీ వంటి కార్డులో లోపలి ఫోన్లకు వాడే ఆకుపచ్చ మాడ్యూళ్లు ఉంటే విడిగా పవర్ కేబుల్ తగిలించాలి, లేకపోతే అవి పనిచేయవు. ఆ కార్డు సెకనుకు వెయ్యిసార్లు ప్రాసెసరును పిలుస్తుంది. పాత కంప్యూటరులో హార్డ్ డిస్కుతోనో నెట్‌వర్క్ కార్డుతోనో అదే ఇంటరప్టును (ప్రాసెసరును పిలిచే దారిని) పంచుకుంటే కొన్ని పిలుపులు తప్పి మాటల్లో చిటపటలు వస్తాయి. ఆ పిలుపులు వేళకు అందుతున్నాయో లేదో కొలిచే డాహ్‌డీ టెస్ట్ చూపే శాతం 99.98కి దగ్గరగా లేకపోతే కార్డును వేరే స్లాటులోకి మార్చి చూడాలి. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) అప్‌డేట్ అయ్యాక కార్డు మాయమైందంటే అది చచ్చిపోయిందని కాదు, డ్రైవరును ఆ కెర్నల్ కోసం మళ్లీ కంపైల్ చేయాలని. అయితే డాహ్‌డీ 3.0లో కొన్ని పాత కార్డుల డ్రైవర్లను తీసేశారు గనుక కొత్త వెర్షన్‌కు మారే ముందు మన కార్డు పేరు ఆ జాబితాలో ఉందేమో చూసుకోక తప్పదు.

నిజంగా కార్డు పోయే సందర్భం మా జిల్లాల్లో పిడుగులే. ఒడిశాలో పిడుగును రాష్ట్ర విపత్తుగా పరిగణిస్తారు, అయినా ఎర్త్ తీగ సరిగా లేని కార్యాలయాలే ఎక్కువ. స్తంభం నుంచి వచ్చే తీగను సర్జ్ రక్షణ లేకుండా నేరుగా కార్డులో గుచ్చడం తెలిసి తెలిసి డబ్బు పారేసుకోవడమే. ఉరిమిన రాత్రి తరవాత లైన్ పనిచేయకపోతే ముందు కార్డు నుంచి తీగ ఊడదీసి మామూలు ఫోన్ పెట్టి చూడాలి. డయల్ టోన్ లేకపోతే మీటరుతో 48 వోల్టుల దరిదాపుల్లో వస్తున్నదా లేదా చూడాలి. అక్కడే లేకపోతే లైన్‌మన్‌ను పిలవాలి గాని కంప్యూటరు జోలికి పోనక్కరలేదు. తీగ బాగుండి, లేచేటప్పటి సందేశంలో ఆ పోర్టు ఎదుట మాడ్యూల్ లేదని వస్తే, దాదాపుగా ఆ ఒక్క మాడ్యూల్ మారిస్తే సరిపోతుంది. మొన్నీమధ్య ఒక కార్యాలయంలో సరిగ్గా ఈ పరిస్థితిలోనే, బయటి నుంచి వచ్చిన అమ్మకందారు మూత కూడా విప్పకుండా మొత్తం వ్యవస్థ మార్చాలని కాగితం రాసిచ్చి వెళ్లాడు.

అందుచేత కార్యాలయాల నిర్వాహకులకు నా మనవి: ఎవరు మార్చమన్నా, కంప్యూటరు లేచేటప్పుడు కార్డు గురించి వచ్చిన సందేశాన్నీ, లైన్ వోల్టేజీనీ, డాహ్‌డీ టెస్ట్ ఫలితాన్నీ కాగితం మీద రాసివ్వమని అడగండి. ధ్రువాల మార్పు సదుపాయం ఏ లైన్‌కు ఉందో, ఏ లైన్‌కు లేదో అడిగినవారికి స్థానిక ఎక్స్ఛేంజీ అధికారులు రాతపూర్వకంగా చెప్పాలి. కౌంటరులో ఆ ప్రశ్న అర్థమయ్యే మనిషి దొరకడమే ఇప్పుడు కష్టంగా ఉంది. మీ పత్రిక సాంకేతిక పేజీలో మన దేశపు లైన్లకు సరిపడే ఈ అమరికలను ఒకసారి పట్టికగా అచ్చువేస్తే, ఇంగ్లిషు మాన్యువళ్లతో తంటాలు పడుతున్న మా వైపు కుర్రాళ్లు దాన్ని కత్తిరించి కంప్యూటరు పక్కన అంటించుకుంటారు.

భవదీయుడు,
ఒక టెలిఫోన్ వ్యవస్థల నిర్వాహకుడు,
రాయగడ, ఒడిశా