కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మోరీల పూడిక రెండుసార్లు తీయించాం. చీకటిగా ఉన్న మూలల్లో లైట్లు పెట్టించాం. వినాయక చవితి, బతుకమ్మ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

అన్నింటికన్నా ముఖ్యమైన పని, కమిటీ సభ్యులం ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ పని చేస్తారో, చేతికి పైసలు ఎప్పుడొస్తాయో అడిగి రాసుకోవడం. చందా బాకీల వల్లే ఈ ఆలోచన వచ్చింది. ప్రతి నెలా 10వ తేదీలోపు కట్టాలన్నది మన నియమం. వానకాలంలో కట్టని వాళ్ల పేర్లు బోర్డు మీద రాసేవాళ్లం. తీరా చూస్తే వాళ్లలో ఎక్కువమంది వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌ను నమ్ముకున్నవాళ్లే: హమాలీలు, తూకం వేసే దడువాయిలు, అడ్తి (కమీషన్) దుకాణాల గుమస్తాలు, మిర్చి ఏరే ఆడవాళ్లు, ట్రాలీ ఆటోలు నడిపేవాళ్లు. అక్టోబరు నుంచి పత్తి, ఫిబ్రవరి నుంచి మిర్చి. ఆ నెలల్లో తిండికి కూడా తీరిక ఉండదు. హమాలీకి కూలి బస్తాల లెక్కన వస్తుంది, బస్తా రాకపోతే కూలీ లేదు. జూన్‌లో యార్డు బోసిపోతుంది, సరిగ్గా అప్పుడే పిల్లల ఫీజులు మొదలవుతాయి. ఇది మనం ముందే అడిగి ఉండాల్సింది. పేర్లు బోర్డుకెక్కించినందుకు ఆ కుటుంబాలకు కమిటీ క్షమాపణ చెబుతోంది.

మిగతా ఇళ్ల సంగతి వేరు. టీచర్లు, ఆర్టీసీ ఉద్యోగులు, ఎంజీఎం ఆసుపత్రి నర్సులకు నెల జీతం ఉంది. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక దాని కార్మికుల పిల్లలు తలో పనిలో కుదురుకున్నారు. భివండీ, సూరత్ మగ్గాల మీద ఏళ్లు గడిపి తిరిగొచ్చిన పెద్దలూ ఉన్నారు.

మనకు అసలు పరిచయం లేనివాళ్లు కిరాయి గదుల్లో ఉన్నారు. గీసుగొండ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. అక్కడి కుట్టు పనికి వెళ్లే అమ్మాయిలు పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కి చీకటి పడ్డాక దిగుతారు. బస్సు ఆగే మూలలో లైటు లేదని చెప్పింది వాళ్లే. ఇల్లు సొంతమైతేనే సభ్యత్వం అన్న నియమం వల్ల ఆ మాట ఇన్నాళ్లూ మన సమావేశానికి రాలేదు.

అందుకే కమిటీ మూడు మార్పులు ప్రతిపాదిస్తోంది. చందాను నెలనెలా గానీ, సీజన్‌లో ఒకేసారి గానీ కట్టవచ్చు. కిరాయికి ఉన్నవాళ్లకూ సభ్యత్వం, ఓటు ఉంటాయి. బాకీల బోర్డు ఇక ఉండదు. కిరాయిదార్ల ఓటుపై కమిటీలోనే భేదాభిప్రాయం ఉంది కాబట్టి దాన్ని సభ ముందు పెడుతున్నాం.

సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం ఉదయం 8 గంటలకు. ఆ రోజు మార్కెట్‌కు సెలవు. ఆసుపత్రి డ్యూటీ ఉన్నవాళ్లు తమ అభిప్రాయం చీటీ మీద రాసి శనివారంలోగా కార్యదర్శి ఇంట్లో ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యవర్గం