మార్లవాయిలో 1943లో చేతనైంది, ఇప్పుడెందుకు చేతకాదు?

సంపాదకుల వారికి,

అయ్యా, ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయులు నిలవడం లేదని, పోస్టింగు వచ్చిన నెలకే డిప్యుటేషన్ల కోసం పైరవీలు మొదలుపెడుతున్నారని మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. ఎవరో ఒక అధికారి జవాబిస్తాడేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ నోరు విప్పలేదు. సర్వీసంతా ఆదిలాబాద్ ఏజెన్సీలోనే చేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి నేనే రాస్తున్నాను.

మీ విలేఖరి తప్పంతా పంతుళ్ల మీదే వేశారు. పైరవీలు చేసేవాళ్లు లేరని నేననను. మా రోజుల్లోనూ ఉన్నారు. జీతాల తేదీకి తప్ప గూడెంలో కనిపించని మహానుభావులను కళ్లారా చూశాను. కానీ కాగజ్‌నగర్‌లో పుట్టి పెరిగి, కోచింగ్ సెంటర్లో బిట్లు బట్టీ పట్టి ఉద్యోగం తెచ్చుకున్న ఒక ఆడపిల్లను తీసుకుపోయి తిర్యాణి అవతల గుట్ట మీది ఏకోపాధ్యాయ పాఠశాలలో దించారనుకోండి. అయిదు తరగతులూ ఆమెవే. పిల్లలకు తెలుగు రాదు, ఆమెకు గోండి రాదు. ఉండటానికి క్వార్టర్ లేదు. వాగు పొంగితే బండి ఇవతలి ఒడ్డునే. సందేహం అడుగుదామని కాంప్లెక్స్ మీటింగుకు వస్తే అక్కడ జరిగేదల్లా ఫార్మాట్లు నింపడం. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులని ప్రకటించి, ఎల్బీ స్టేడియంలో పండగ చేసి నియామక పత్రాలు పంచారు, సంతోషం. ఆ పత్రం తప్ప గూడెం బడికి వెళ్లే మనిషి చేతిలో ఇంకేం పెట్టారు?

ఇదేదో ఇంతవరకు ఎవరూ చేయని పని కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక, గోండుల గోడేమిటో కనుక్కోమని నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మన ఆదిలాబాద్ ఏజెన్సీలోని మార్లవాయి గూడెంలో గుడిసెలో కాపురం పెట్టి, 1943లో అక్కడే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిపించాడు. బయటి నుంచి పంతుళ్లను తెచ్చి నిలబెట్టలేక వాళ్లను తిట్టుకుంటూ కూర్చోలేదు. అరకొర అక్షరాలు వచ్చిన గోండు యువకులనే కూర్చోబెట్టి, గోండిలోనే వాచకాలు రాయించి, వాళ్లనే పంతుళ్లను చేసి గూడేలకు పంపారు. రోడ్లు లేవు, కరెంటు లేదు, యుద్ధం రోజులు. పైగా అది రాజరికం! ఇప్పుడు ఏటా జనవరి 11న హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధుల దగ్గరికి మన అధికారులు వెళ్తారు, దండలు వేస్తారు, ఫొటోలు దిగుతారు. ఆయన చేసిన పని గురించి ఒక్క ఫైలయినా కదిలిందా అంటే లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కొలామి, కోయ, సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు. తెలుగు లిపిలో పుస్తకాలు అచ్చేశారు, స్థానిక యువకులను వాలంటీర్లుగా తీసుకున్నారు. ఒకటో తరగతి పిల్ల బడిలో తన ఇంటి మాట విని నవ్వడం అప్పుడు చూశాను. తర్వాత డైరెక్టర్లు మారారు, ప్రాధాన్యాలు మారాయి. పుస్తకాలు ఎంఈవో ఆఫీసు బీరువాల్లో చెదలకు చదువు చెప్పుకుంటున్నాయి.

ఇక జీవో 3 సంగతి. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న ఆ 2000 నాటి జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటి నుంచి ఎవరిని అడిగినా ఒకటే పాట: ‘కోర్టు తీర్పు, మా చేతుల్లో ఏముంది?’ నూటికి నూరు శాతం కుదరదన్నది కోర్టు. గోండి, కొలామి వచ్చినవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వొద్దని చెప్పలేదే! ఆ భాష తెలియడం ఒక అర్హతగా పెట్టే దారైనా వెతికారా? బయటివాళ్లు రాగానే నాలుగు నెలలు ఉట్నూరులో కూర్చోబెట్టి భాష నేర్పించారా? తీర్పు అడ్డం పెట్టుకుని పని తప్పించుకోవడం సులువు.

బదులుగా ఏం వచ్చింది? ముఖం చూపించి వేసే హాజరు. సిగ్నల్ లేని గూడెంలో పంతులు పాఠం ఆపి సెల్లు పట్టుకుని గుట్టెక్కాలి! చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే ‘తొలిమెట్టు’ కార్యక్రమం అని మరొకటి. ధారాళంగా చదవగలరా అని హైదరాబాద్ పిల్లను, కెరమెరి కొలాం పిల్లను ఒకే తెలుగు పేరాతో కొలుస్తారు. ఆ పిల్లకు మార్కు తగ్గితే మెమో పంతులుకు. దసరాకు రోజుల తరబడి సెలవులిస్తారు. దీపావళికి గోండుల నాట్యాల పండగ దండారీ ఆడే ఊళ్లలో మాత్రం పిల్లలు రాలేదని నోటీసు! అసలు దండారీ అంటే ఏమిటో తెలియని వాళ్లే ఇక్కడి విద్యా క్యాలెండరు వేస్తారు. మా కాలంలో తనిఖీకి వచ్చే అధికారి నడిచొచ్చి, రాత్రి బడిలోనే పడుకుని పోయేవాడు. ఇప్పటి దొరల జీపు తారు రోడ్డు దిగదు.

కలెక్టరు గారికీ గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారి గారికీ మీ పత్రిక ద్వారా అడిగేది ఒక్కటే. వచ్చే వేసవిలో కొత్త టీచర్లకు గోండి, కొలామి శిక్షణ పెట్టించండి. దానికి రాజధాని నుంచి రిసోర్స్ పర్సన్లను, ప్రొజెక్టర్లను దించనక్కర్లేదు. డీఎడ్ చదివి ఉద్యోగం లేక పత్తి చేలల్లో కూలికి పోతున్న గోండు పిల్లలు ప్రతి మండలంలోనూ ఉన్నారు. నేర్పమంటే రేపే వస్తారు. కాకపోతే వాళ్లకు కూలి డబ్బులు మాత్రం ఆ నెలలోనే ఇవ్వండి, పాత వాలంటీర్లను తిప్పించినట్టు ఆఫీసు చుట్టూ తిప్పకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఉట్నూరు