పక్క బెడ్ పెద్దమ్మకు, ఇంకా అందరికీ మా కృతజ్ఞతలు

అమ్మను నిన్న సాయంత్రం పూతలపట్టుకు, ఇంటికి తీసుకొచ్చేశాం. కుడి కాలికి రెండు వేళ్లు పోయాయి, కాలు దక్కింది. నాకింకా నిద్ర సరిగ్గా పట్టడం లేదు, రాత గజిబిజిగా ఉంటే ఏమనుకోకండి. ఫోన్ చేసి అడుగుతున్న వాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

అన్న, వదిన, మా ఆయన... వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నేను చెప్పి తీరాల్సింది పక్క బెడ్ పెద్దమ్మ గురించి.

అమ్మది షుగర్ పుండు. చెప్పు కరిచిన చోట మొదలైంది. పాదానికి స్పర్శ లేదు కాబట్టి నొప్పి తెలియలేదు, చీము పట్టేదాకా ఎవరికీ చెప్పలేదు. చిత్తూరు ఆస్పత్రి వార్డులో ఆ వాసనకు అటూ ఇటూ వాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు తలుపు దగ్గరే నిలబడి, నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు. అమ్మకు అన్నీ అర్థమయ్యేవి. గోడవైపు తిరిగి పడుకునేది, అన్నం ముట్టేది కాదు.

పెద్దమ్మది కాట్పాడి వైపు. చెల్లెల్ని చిత్తూరుకు ఇచ్చారు, ఆ చెల్లెలికి తోడుగా వచ్చింది. సగం తమిళం కలిసిన తెలుగు. ఒక రాత్రి నేను మందులకు పోయి వచ్చేసరికి పెద్దమ్మ మా అమ్మ కాళ్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. కట్టు లేని ఎడమ కాలిని గోరువెచ్చటి నీళ్లతో తుడుస్తోంది. ఒక్కో వేలూ విడదీసి, పాత పంచె గుడ్డతో సందుల్లో తడి అద్దింది. మడమకు మాత్రం కొబ్బరినూనె రాసింది. "వేళ్ల సందుల్లో తడి నిలవకూడదు బిడ్డా. ఈ కాలినైనా దినమూ చూసుకోవాల" అంది. కుడి కాలి కట్టులోంచి కారింది దుప్పటికి అంటితే ఆ దుప్పటీ తనే తీసి మార్చింది. ముక్కు మూసుకోలేదు, ముఖం తిప్పుకోలేదు. అమ్మ ఏడ్చేసింది. నేను వరండాలోకి పోయి ఏడ్చాను.

ఇవన్నీ ఎట్లా తెలుసని అడిగాను. వాళ్లమ్మ కరిగిరి కుష్ఠు ఆస్పత్రిలో ఆయాగా పనిచేసిందట. 1946లో వెల్లూరు సీఎంసీ ఆస్పత్రికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారి మాట వాళ్లింట్లో అందరికీ తెలుసట: కుష్ఠులో వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోవు, స్పర్శ పోయి, దెబ్బ తగిలినా కాలినా తెలియక పోగొట్టుకుంటారు. షుగర్ కాలికీ అదే లెక్క. ఈ ముక్క మాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి నుంచి అమ్మకు కథలు చెప్పేది. చేతిలో బైబిల్ లేదు, సొంతూరి సంగతి చెప్పినట్టే చెప్పేది. మార్కు సువార్తలో ఒక కుష్ఠురోగి వచ్చి యేసు ముందు మోకరిస్తాడు, నీకిష్టమైతే నన్ను బాగుచేయగలవంటాడు. ఆ కాలంలో అలాంటివాణ్ణి జనంలోకి రానిచ్చేవాళ్లు కాదు, ముట్టుకుంటే మైల. "ఒక్క మాటతో బాగుచేయొచ్చు గదా బిడ్డా. ఆయన మొదట చెయ్యి చాపి వాణ్ణి ముట్టుకున్నాడు. వాడికి బాగయింది ఆ తర్వాతే." ఇంకో రోజు యాయీరు అనే ఆయన కూతురి కథ. పన్నెండేళ్ల పిల్ల చనిపోయిందని అందరూ ఏడుస్తుంటే యేసు చెయ్యి పట్టి లేపాడు. లేపీ లేపగానే, పిల్లకు తినడానికి ఏమైనా పెట్టండి అన్నాడట. అది చెబుతూనే అమ్మ నోటికి రసం అన్నం అందించింది. అమ్మ తింది.

మాది ఏడుకొండలవాడికి తలనీలాలిచ్చే ఇల్లు. అమ్మ వెలిగించే దీపం ఎప్పటిలాగే వెలుగుతుంది. మమ్మల్ని ఎవరూ మారమని అడగలేదు. ప్రార్థన చేసేముందు కూడా పెద్దమ్మ "చెయ్యనా?" అని అడిగేది. కానీ నాకు ఒక నమ్మకం కుదిరింది, దాన్ని దాచిపెట్టలేను. పోయిన వేళ్లు రావు, నాకు తెలుసు. ఎవరూ దగ్గరికి రాని మనిషి దగ్గరికి వచ్చి ముట్టుకునే దేవుడు ఉన్నాడని నమ్ముతున్నాను. పడుకునేముందు ఆయనతో నాకొచ్చిన మాటల్లో మాట్లాడుకుంటున్నాను.

ఒక బాధ మాత్రం చెప్పాలి. చిత్తూరుకు రాకముందు తిరుపతిలో ఒక ఆస్పత్రి చుట్టూ తిరిగాం. ఓపీ చీటీకి ఒక క్యూ, కార్డు అప్రూవల్‌కు ఇంకో క్యూ, స్కాన్ బయట చేయించుకు రమ్మన్నారు, స్ట్రెచర్ తోయడానికి చేతిలో డబ్బులు పెట్టమన్నారు. సిఫారసు ఉత్తరంతో వచ్చినవాళ్లకు బెడ్ దొరికింది. యోహాను సువార్తలో బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా జబ్బుతో పడి ఉన్న మనిషి అంటాడు, నీళ్లు కదిలినప్పుడు నన్ను దించేవాళ్లు లేరయ్యా, నేను పోయేలోగా ఇంకొకరు దిగిపోతారు అని. పెద్దమ్మ ఆ కథ చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ క్యూలో ఇప్పటికీ ఎంతమంది అమ్మలు కూర్చుని ఉన్నారో! అక్కడే బెడ్ ఇచ్చి ఉంటే ఆ వేళ్లు దక్కేవేమో.

చిత్తూరులో ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి, రాత్రి డ్యూటీ నర్సమ్మలకు దండాలు. అయ్యో, రక్తం ఇచ్చిన పీలేరు తమ్ముడిని మరిచేపోయాను, పేరైనా అడగలేదు, చల్లగా ఉండు నాయనా. గేటు బయట టీ కొట్టు అన్న ఫ్లాస్కు నిండా వేడినీళ్లు పోసి ఎప్పుడూ పైసా తీసుకోలేదు. 108 వాళ్లు. మేం లేనన్నాళ్లూ ఆవుకు మేత వేసి పాలు పిండిన పక్కింటి అత్త. రేపటి నుంచి ఇంటికొచ్చి కట్టు మారుస్తానన్న ఏఎన్ఎం అక్కకు ముందుగానే నమస్కారం.